నీటి చుక్క తగలకూడదు

నా దగ్గర జంతుశాస్త్రం చదువుకున్న అమ్మాయి ఒకతె ఇప్పుడు విజయవాడలో ఒక సంతాన సాఫల్య కేంద్రంలో పని చేస్తోంది. పిల్లలు కలగని దంపతుల కోసం గాజు పళ్లెంలో అండాన్నీ వీర్యకణాన్నీ కలిపే పని. "మేడమ్, ఒక్కసారి వచ్చి మా ల్యాబ్ చూడండి. మీరు బోర్డు మీద బొమ్మలేసి చెప్పిందంతా ఇక్కడ కళ్లముందు జరుగుతుంది" అని రెండేళ్లుగా పిలుస్తుంటే పోయిన నెల వెళ్లాను. చెప్పులు విప్పించి, తలకు టోపీ పెట్టి, గౌను తొడిగి లోపలికి తీసుకెళ్లింది. తెర మీద ఒక్కొక్కటే చూపించింది. మొన్నటిదాకా ఒంటిగా ఉన్న అండం ఒకటి రెండు కణాలయింది, ఇంకొకటి నాలుగయింది. వాటి పక్కనే ఒకటి ఎలా ఉన్నది అలాగే ఉండిపోయింది. "అది ఫలదీకరణం కాలేదండీ, తీసేస్తాం" అంది. నేను ఆ మిగిలిపోయిన దాన్నే చూస్తున్నాను. "ఇప్పుడు ముందు ఇద్దరికీ పరీక్షలు చేస్తాం మేడమ్. మగవాళ్లలో లోపం ఉన్న కేసులు బోలెడు. పాతకాలంలో పాపం ఆడవాళ్లనే అనేవాళ్లు కదండీ" అని మామూలుగా అనేసి తర్వాతి పళ్లెం పెట్టింది. నేను పక్కనున్న స్టూలు మీద కూచుండిపోయాను. షుగర్ పడిపోయిందనుకుని ఆ పిల్ల బిస్కెట్లు తెచ్చి పెట్టింది.

ముప్పై ఏళ్లకు పైగా కాలేజీలో పిండోత్పత్తి పాఠం చెప్పాను. ఒక్క కణం లోపలికి వెళ్లగానే అండం చుట్టూ పొర గట్టిపడి మిగతావాటిని బయటే ఆపేస్తుందని, అప్పటిదాకా నిద్రపోతున్నట్టున్న కణం అక్కడినుంచి విభజన మొదలుపెడుతుందని, ఏ యేటికాయేడు అవే మాటలు. కానీ ఇదంతా నేను మొదట పుస్తకంలో చదవలేదు. పద్నాలుగేళ్ల వయసులో, కాలువ గట్టు మీద మా మామయ్య చూపిస్తే చూశాను. నా పక్కన మా మాణిక్యం అత్తయ్య ఉంది. ఆవిడ మా నాన్నకు స్వయానా చెల్లెలు.

మామయ్య పేరు వెంకటరత్నం. చేపపిల్లలు పెంచి చెరువులకు అమ్మే ఒక సొసైటీలో ఫీల్డ్‌మన్‌గా ఉండేవాడు. విజయవాడ నుంచి బందరు వైపు వెళ్లే కాలువ పక్కన నాలుగు చెరువులు, ఒక తాటాకు పందిరి, ఆ వెనకే మామయ్య వాళ్ల పెంకుటిల్లు. పెళ్లయి ఆరేడేళ్లయినా అత్తయ్యకు పిల్లలు లేరు. ఇంట్లో ఒక పిల్ల తిరుగుతుంటే కడుపు పండుతుందని ఎవరో చెబితే నన్ను తీసుకొచ్చి పెట్టుకున్నారు. మా ఊళ్లో బడి ఏడో తరగతితో సరి. అత్తయ్య వాళ్ల ఊళ్లో హైస్కూలు ఉంది. అందుకని నాన్న ఒప్పుకున్నాడు. "అక్కడేం తేడా వచ్చినా ఇంటికొచ్చెయ్, చదివింది చాలు" అని బస్సు ఎక్కిస్తూ చెప్పిన మాట నేను మర్చిపోలేదు. ఆ ఇంట్లో నా చదువు ఎంత గట్టిగా ఉందో అంత గట్టిగా ఆ భయమూ ఉండేది.

మామయ్య వాళ్లమ్మను నేను మామ్మా అని పిలిచేదాన్ని. సన్నగా, నిటారుగా ఉండేది. ఆవిడకు రెండే మాటలు. మొదటిది "కడిగావా?". అలమార్లోంచి గ్లాసు తీసినా, బోర్లించిన గిన్నె తిప్పినా, నీళ్లతో ఓసారి తిప్పి పారబోయకుండా అందులో ఏదీ పోయకూడదు. పొద్దున తోమిన గిన్నె అయినా సరే. "బల్లులు తిరుగుతాయి, బొద్దింకలు తిరుగుతాయి, నీకేం తెలుసే" అనేది. కడగని గ్లాసుతో మంచినీళ్లు ఇచ్చానని ఒకరోజు ఆ నీళ్లు నా ముందే అరుగు కింద పారబోసింది. నెల తిరిగేసరికి నా చేతులకు అది పట్టుబడిపోయింది. ఇక రెండో మాట కోడలికి. "ఈ నెలైనా ఏమన్నా ఉందా?" అని అందరి ముందూ అడిగేది. అత్తయ్య తల అడ్డంగా ఊపి పొయ్యి దగ్గరికి వెళ్లిపోయేది.

వానలు పడితే ఆ ఇల్లంతా స్పిరిట్ వాసన, నీచు వాసన కలిసి కొట్టేది. మామయ్య విజయవాడ వన్ టౌన్ మార్కెట్టుకు పోయి, పెద్ద చేపల తలకాయలు గోనెసంచిలో వేసుకొచ్చేవాడు. తలకాయ పగలగొట్టి మెదడు కింద ఆవగింజంత ఉండే గ్రంథిని చెదరకుండా తీయాలి. దాన్ని నూరి సూదిమందుగా ఇస్తే చెరువులో గుడ్లు పెట్టని చేప కూడా పెడుతుంది. మామయ్య తీస్తే సగం చితికిపోయేవి. అత్తయ్య కత్తిపీట ముందు కూచుని పదికి తొమ్మిది తీసేది. "నీ చెయ్యి మంచిదే మాణిక్యం" అనేవాడు మామయ్య. అత్తయ్య మొహం వెలిగిపోయేది. గ్రంథులు స్పిరిట్ సీసాలోకి, తలకాయలు పులుసులోకి. చింతపండుతో ఎంత రుద్దినా ఆవిడ చేతుల నీచు పోయేది కాదు. ఆ చేతులతోనే నాకు జడ వేసేది, బడికెళ్లాక నా జడ వాసన చూసి పక్కపిల్లలు ముక్కు మూసుకునేవాళ్లు. నేను మాత్రం ఇంకొకరి చేత వేయించుకోలేదు.

నేను వెళ్లిన మొదటి ఏడు శీలావతి చేపలు గుడ్లు పెట్టాయి. పల్చటి గుడ్డతో కుట్టిన తొట్టెలు చెరువులో కట్టి వాటిలో గుడ్లు వదిలారు. నానిన సబ్జా గింజల్లా ఉబ్బి, లోపల చిన్న చుక్కతో, అద్దంలా మెరుస్తున్నాయి. మామయ్య దగ్గర ఒక కాలేజీవాళ్లు అమ్మేసిన పాత మైక్రోస్కోపు ఉండేది. గుడ్డును గాజుముక్క మీద పెట్టి ముందు నన్ను, తర్వాత అత్తయ్యను చూడమన్నాడు. నేను చూసినప్పుడు గుడ్డు పైభాగాన చిన్న బుడిపె ఉంది. అత్తయ్య చూసేసరికి అది మధ్యలో గీత పడి రెండయింది. కాసేపటికి నాలుగు, ఆ తర్వాత లెక్కపెట్టలేనన్ని. సీతాఫలం తొక్క మీద గడులున్నట్టు ఉంది. అత్తయ్య వంట సంగతి మర్చిపోయి దాని ముందే కూచుంది. మామ్మ లోపల్నుంచి కేకలేస్తూనే ఉంది.

"ఏమండీ, మగచేపవి అన్నేసి ఉంటాయంటారు కదా. అన్నీ లోపలికి పోతాయా?" అని అడిగింది అత్తయ్య.

"ఒక్కటే. అది పోగానే గుడ్డు తలుపేసుకుంటుంది. మిగతావి బయటే చస్తాయి."

"ఒక్కటి కూడా పోకపోతేనో?"

"తెల్లబడి కుళ్లిపోద్ది."

"అయితే గుడ్డులో ఏదో లోపం ఉన్నట్టేనా?"

"గుడ్డు ఏం చేసుద్దే పిచ్చిదానా! లోపలికి రావాల్సింది రాకపోతే దాని తప్పేంటి?" అని నవ్వాడు మామయ్య.

ఆ మాట అన్నది మామయ్యే. నేను విన్నాను, అత్తయ్య విన్నది. సాయంత్రానికి గుడ్డులో తోక లాంటిది కనబడింది, ఆ తర్వాత కళ్లలా రెండు మచ్చలు. దీపాలు పెట్టే వేళకు లోపల్నుంచి ఒక్కసారి మెలి తిరిగింది. అత్తయ్య నా చెయ్యి పట్టుకుని "కదిలిందే కమలీ, కదిలింది" అంది. ఆవిడ గొంతు అలా పలకడం నేను మళ్లీ ఎప్పుడూ వినలేదు.

మరుసటి ఏడు సొసైటీవాళ్లు గడ్డిచేపలు తెప్పించారు. అవి తమంతట తాము గుడ్లు వదలవు. మందు ఇచ్చాక, ఆడచేప పొట్ట నొక్కి గుడ్లను బేసిన్‌లోకి పిండాలి, వాటి మీద మగచేప పాలు, అంటే దాని వీర్యం, పిండాలి, కోడి ఈకతో మెల్లగా కలపాలి, ఆ తర్వాతే నీళ్లు పోయాలి. ముందే నీళ్లు తగిలాయా, పాలలోని కణాలు ఒక్క నిమిషంలో ఈది ఈది చచ్చిపోతాయి, అటు గుడ్డు కూడా ఉబ్బి దారి మూసుకుంటుంది. గుడ్లతో నిండిన ఆడచేప ఒక్కటే ఉంది. అది సరిగా అయితే మామయ్యను కొత్తగా పెట్టబోయే కేంద్రానికి సూపర్‌వైజరుగా వేస్తామన్నారు. క్వార్టర్స్ ఇస్తారట. మామ్మ ఇక్కడే ఉంటుందట, అత్తయ్య, మామయ్య, నేను అక్కడికి పోతామట. ఈ సంగతి అత్తయ్య నాకు చెవిలో చెప్పింది. ఆవిడకు కావాల్సింది ఆ క్వార్టర్స్ కాదు, "ఈ నెలైనా ఏమన్నా ఉందా" అన్న మాట వినబడని ఇల్లు. ముందురోజు మధ్యాహ్నం నీలం అంచున్న తెల్ల పింగాణీ బేసిన్‌ను తోమి, ఎండబెట్టి, గుడ్డతో తుడిచి, ట్రంకుపెట్టె మీద బోర్లించింది. "ఒక్క నీటి చుక్క తగలకూడదంట" అని నాతో కూడా చెప్పింది.

తెల్లవారింది. సన్నగా జల్లు పడుతోంది. పందిరి కింద ఇన్‌స్పెక్టరు గారు మడతకుర్చీలో కూచున్నారు. మామయ్య తడి తువ్వాలులో చేపను పసిపిల్లలా ఎత్తి పట్టుకున్నాడు. అత్తయ్య చేప తోక పట్టుకుని ఉంది. అనుకున్నదానికంటే ముందే గుడ్లు జారడం మొదలైంది. "బేసిన్, బేసిన్!" అని మామయ్య అరిచాడు. "కమలీ, పెట్టె మీద ఉంది, పరిగెత్తు" అంది అత్తయ్య. పరిగెత్తాను. బేసిన్ తీసుకుని వస్తుంటే గుమ్మం పక్కన నీళ్లతొట్టి. చెంబు ముంచాను, పోశాను, తిప్పాను, పారబోశాను, మళ్లీ పరిగెత్తాను. ఇదంతా నా చేతులు చేశాయి, నా బుర్రకు తెలియదు. అత్తయ్య బేసిన్ అందుకుని చేప కింద పెట్టింది. పైన తాటాకుల్లోంచి చినుకులు రాలుతున్నాయి, అందరి చేతులూ తడిగానే ఉన్నాయి. ఆ తడిని ఎవరు పట్టించుకుంటారు? గుడ్లు జరజరా పడుతున్నాయి. మామయ్య ఇన్‌స్పెక్టరు గారికి గర్వంగా చెబుతున్నాడు. "చూశారాండీ, ఇదిగో, పొడి బేసిన్. చుక్క నీళ్లు తగలకూడదండీ."

అప్పుడు తెలిసింది నాకు నేనేం చేశానో. బేసిన్ అడుగున గుక్కెడు నీళ్లు ఉండే ఉంటాయి. చేప పొట్టలో సగం గుడ్లు ఇంకా ఉన్నాయి. "మామయ్యా, అది తడిది" అని ఉంటే ఇంకో గిన్నె తెచ్చేవాళ్లు. నాలుక మీదికి వచ్చింది ఆ మాట. ఇన్‌స్పెక్టరు గారున్నారు, మామ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది, రేపే నన్ను బస్సెక్కిస్తారు, బడి ఉండదు. నోరు మూసుకున్నాను. కొద్ది తడే కదా, ఏమీ కాదులే అనుకున్నాను.

మధ్యాహ్నానికి తొట్టెలో గుడ్లు తెల్లబడ్డాయి. ఒకటీ రెండూ కాదు, అన్నం మెతుకుల్లా తొట్టె అంతా తెలుపు. అక్కడక్కడ నాలుగైదు అద్దంలా మిగిలాయి, వాటినీ సాయంత్రానికి బూజు పట్టేసింది. అత్తయ్య మోకాళ్లలోతు నీళ్లలో నిలబడి తెల్లవాటిని దోసిళ్లతో తీసి గట్టున పోస్తూనే ఉంది, మిగిలినవైనా బతుకుతాయేమోనని. "ఇంకో ఏడాది చూద్దాంలే వెంకటరత్నం" అని ఇన్‌స్పెక్టరు గారు సైకిలెక్కి వెళ్లిపోయారు. మామ్మ గట్టు మీదికి వచ్చి చూసి, నలుగురూ వింటుండగానే అంది, "గొడ్రాలి చేతికిచ్చి పిల్లలు పుట్టమంటే ఎక్కడ పుడతాయిరా?"

మామయ్య ఒక్కసారి అత్తయ్య వైపు తిరిగి "బేసిన్ తుడిచావు కదా?" అన్నాడు.

"నిన్ననే తుడిచి బోర్లించానండీ. మీరు చూశారుగా."

"మరేంటిది?"

"ఏమోనండీ" అంది అత్తయ్య. నీళ్లలోంచి చేతులు బయటికి తీసి వాటిని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. నేను మూడడుగుల దూరంలో బుట్ట పట్టుకుని నిలబడి ఉన్నాను. ఆవిడ నా వైపు కూడా చూడలేదు, నా మీద అనుమానం అనేదే ఆవిడకు రాదు. గుడ్డు తప్పేముందన్న మామయ్య ఆ పూట తల్లికి ఎదురు చెప్పలేదు. మైక్రోస్కోపులో అన్నీ చూపించిన మనిషికి చేతికీ గుడ్డుకీ సంబంధం లేదని తెలియదా? తెలుసు. తెలిసినా, చేజారిన సూపర్‌వైజరు ఉద్యోగానికి ఒక కారణం కావాలి, అది తన పనితనంలో లేదని చెప్పుకోవాలి. నేనూ అదే చేశాను కాబట్టి ఆయన్ని తిట్టే అర్హత నాకు లేదు.

ఆ వానాకాలం దాటకముందే మామయ్యకు ఇంకో సంబంధం మాటలు మొదలయ్యాయి. పెద్దమనుషుల్లో కూచోబెట్టి అత్తయ్య చేత విడాకుల కాగితం మీద సంతకం పెట్టించారు. మా నాన్న వెళ్లి తీసుకొచ్చాడు. నన్నూ తీసుకెళ్దామని నాన్న అంటే అత్తయ్య మామ్మ కాళ్లు పట్టుకుంది. "పిల్ల చదువు పాడవుద్ది, పదోతరగతి అయ్యేదాకా ఇక్కడే ఉండనివ్వండత్తయ్యగారూ" అని బతిమాలింది. అలా, ఆవిడ వెళ్లిపోయింది, నేను మిగిలాను. కొత్తగా వచ్చిన ఆవిడ వండిన అన్నం తిని, అక్కడే ఉండి పదోతరగతి ఫస్టుక్లాసులో పాసయ్యాను. నా చదువు, నా ఉద్యోగం, నా పెన్షను, అన్నీ ఆ అన్నం మీద నిలబడినవే. రెండో ఆవిడకూ పిల్లలు పుట్టలేదు. నాలుగేళ్లు తిరిగేసరికి మామ్మ ఆవిడనూ అదే మాట అనడం మొదలుపెట్టింది. మామయ్యకు పరీక్ష చేయించాలని ఆ ఇంట్లో ఎవరి ఊహకూ రాలేదు.

మా ఇంటికి వచ్చాక అత్తయ్య తన చేతులను తానే వెలివేసుకుంది. విత్తనాలు నాటేది కాదు. కోడిని పొదగేసే రోజు ఎదురింటావిడను పిలిచేది. చంటిపిల్లను ఎవరైనా ఒళ్లో పెట్టబోతే చీర తడిగా ఉందని తప్పుకునేది. చివరికి పాలు తోడుపెట్టడానికి కూడా, పాలు కాచి గోరువెచ్చగా చల్లార్చి, మజ్జిగ చుక్క మాత్రం మా అమ్మనో తమ్ముణ్ణో వెయ్యమనేది. "నా చెయ్యి వద్దులే, తోడుకోవు" అనేది, అందులో బాధపడాల్సిందేమీ లేనట్టు. సెలవులకు ఇంటికెళ్తే నన్ను పిలిచేది. ఎన్నిసార్లు వేశానో ఆ మజ్జిగ చుక్క! వేసిన ప్రతిసారీ ఈ పూట చెప్పేస్తాననుకునేదాన్ని. ఆ చేప పూర్తిగా పక్వానికి రాలేదేమో, మందు ఎక్కువైందేమో, బేసిన్ తడి వల్లే అయిందని ఎలా అనగలం, అని నాకు నేనే సర్దిచెప్పుకునేదాన్ని. పాఠంలో ఈ పద్ధతి వచ్చినప్పుడు మాత్రం పిల్లలకు గట్టిగా చెప్పేదాన్ని, పాత్ర పొడిగా ఉండాలి, అదే అన్నిటికంటే ముఖ్యం అని.

ఇప్పుడు విజయవాడలో ఏ వీధి మొదట చూసినా నవ్వే పాపాయి బొమ్మతో పెద్ద పెద్ద బోర్డులు. భార్యాభర్తలిద్దరూ ఫైళ్లు పట్టుకుని పక్కపక్కన కూచుంటున్నారు. మంచిదే, సంతోషించాలి. కానీ నాకు సంతోషం రావడం లేదు. ఒక చిన్న గాజుపలక మీద మామయ్య తనది ఒక చుక్క పెట్టి, తన దగ్గరే ఉన్న ఆ మైక్రోస్కోపు కింద చూసి ఉంటే తెలిసిపోయేది. రోజూ మగచేప పాలు చూసే మనిషి, తన సంగతి చూసుకోలేదు. అత్తయ్యకు ఎప్పుడో ఒకప్పుడు పిల్లలు పుట్టి ఉండేవారేమో, ఇంకొకరి ఇంట్లో, ఇంకొక జీవితంలో. ఆ వయసు, ఆ ఏళ్లు ఇప్పుడు ఏ పళ్లెంలో పెట్టినా తిరిగిరావు.

ల్యాబ్ నుంచి బయటికి వచ్చి ఇంటికి పోలేదు. బస్టాండుకు పోయి మంగళగిరి బస్సెక్కాను. అత్తయ్య అక్కడ మా తమ్ముడి ఇంట్లో, ముందుగదిలో ఉంటోంది. ఆవిడను చూసుకోవడానికి ఒక అమ్మాయిని పెట్టాడు తమ్ముడు. నేను వెళ్లేసరికి మంచం మీద కూచుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. పక్కింట్లో మగ్గం చప్పుడు. "ఏమే, చెప్పకుండా వచ్చావు?" అని నవ్వింది. నేను కూచోకుండానే మొదలుపెట్టాను. నీళ్లతొట్టి, చెంబు, బేసిన్ అడుగున తడి, నేను నోరు మూసుకోవడం, ఎందుకు మూసుకున్నానో, అంతా చెప్పాను. లోపం మామయ్యదే అయ్యుండొచ్చని కూడా చెప్పాను. చెబుతున్నంతసేపూ ఆవిడ వేళ్లు ఈనెలు తీస్తూనే ఉన్నాయి. చివరికి ఆగాయి.

"ఇప్పుడెందుకు చెప్పావే ఇది?"

"నీ చెయ్యి మంచిదే అని నీకు తెలియాలని, అత్తయ్యా."

"నాకు తెలియాలనా, నీకు బరువు దిగాలనా?"

ఆవిడ గొంతు పెంచలేదు. "నా చెయ్యే అలాంటిది అనుకున్నాను. దేవుడిచ్చిన చెయ్యి, ఇంక ఎవర్నేం అంటాం? ఆయన మీద కోపం లేదు, మా అత్త మీద లేదు. ఆవిడ మంచాన పడితే పోయి నెల్రోజులు ఎత్తిపోసి వచ్చాను, నీకు తెలుసుగా. కోపం లేకుండా బతికానే కమలీ. మనిషి బతకడానికి అదొక్కటే ఉంది నా దగ్గర. ఈ వయసులో తెచ్చి దాన్నీ లాక్కున్నావు. ఇప్పుడు ఎవరి మీద చూపించుకోను? ఆయన పోయాడు. ఆవిడ పోయింది. మిగిలింది నువ్వొక్కదానివే."

కాళ్ల దగ్గర కూచుని ఏడ్చాను. ఏడవొద్దని అనలేదు, తల మీద చెయ్యి వెయ్యలేదు. కాసేపటికి అటు తిరిగి పడుకుంది.

అప్పటినుంచి ప్రతి ఆదివారం పగలు పదకొండింటికి ఫోన్ చేస్తున్నాను. ఆ అమ్మాయే తీస్తుంది. వెనకనుంచి "ఎవరే?" అని అత్తయ్య గొంతు స్పష్టంగా వినబడుతుంది. "కమల గారండీ" అంటుంది ఆ పిల్ల. తర్వాత ఆ పిల్ల మళ్లీ ఫోన్లోకి వచ్చి, పాపం ఎంతో మర్యాదగా, "మామ్మగారు నిద్రపోతున్నారండీ" అని చెబుతుంది.